కాలా గొలొరిట్సేకు ఎలా వెళ్లాలి: దిగడానికి గంట, ఎక్కడానికి గంటన్నర

ఇటలీకి చెందిన సార్డీనియా దీవి తూర్పు తీరంలో, బౌనేయి అనే కొండ ఊరి పరిధిలో కాలా గొలొరిట్సే ఉంది. అక్కడికి కారు వెళ్లదు. పడవ వచ్చినా ఒడ్డుకు చేరనివ్వరు. కొండ మీద కారు ఆపి లోయ వెంట దాదాపు మూడున్నర కిలోమీటర్లు నడిస్తే కొండల మధ్య ఇరుక్కున్నట్టున్న చిన్న తీరం వస్తుంది. నేలంతా తెల్లని గులకరాళ్లు, ఓ పక్క సముద్రంలోకి కాలు చాపిన రాతి తోరణం, నెత్తి మీద 143 మీటర్ల రాతి సూది. ఈ నడకలో సుమారు 470 మీటర్ల ఎత్తు దిగుతారు. దిగినంతా మళ్లీ ఎక్కాలి. తిరుమలకు శ్రీవారి మెట్టు దారిలో పెద్దగా అలుపు లేకుండా ఎక్కినవారైతే భయపడనక్కర్లేదు. ఆ దారి మధ్యలో నాలుగు సార్లు కూర్చున్నవారు కూడా రావచ్చు, కాకపోతే తెల్లవారుజామునే బయలుదేరాలి.

ఈ తీరం పుట్టి ఎంతో కాలం కాలేదు. 1962లో కొండచరియ విరిగిపడి, ఆ రాళ్లను సముద్రం నలిపి నునుపు చేయగా ఏర్పడింది. 1990లలో దీన్ని సహజ స్మారకంగా ప్రకటించి కాపాడుతూ వచ్చారు. 2025లో ప్రపంచంలోని 50 ఉత్తమ తీరాలను ఎంచిన ఒక జాబితా దీనికి మొదటి స్థానం ఇచ్చింది. మామూలుగా అలాంటి పేరు వచ్చిన తీరానికి మరుసటి వేసవికే గొడుగులు, మంచాలు, పాటల పెట్టెలు చేరతాయి. ఇక్కడ చేరలేదు. బౌనేయి పురపాలకులు రోజుకు 250 మందికి మించి రానివ్వకపోవడం, దారిని సులభం చేయకుండా వదిలేయడం ఇందుకు కారణం. కాబట్టి ఇక్కడి కష్టాన్ని తప్పించుకునే ఉపాయాలు ఈ వ్యాసంలో ఉండవు. ఆ కష్టానికి ఎలా సిద్ధపడాలో మాత్రం ఉంటుంది.

మొదట మూడు రాత్రులు, ఆ తర్వాత టికెట్టు

చాలామంది "సార్డీనియాలో నాలుగు రోజులు, అందులో గొలొరిట్సేకు ఒక పూట" అని లెక్క వేసుకుంటారు. ఆ లెక్క తరచుగా తప్పుతుంది. టికెట్లు అయిపోవచ్చు, గాలి మారవచ్చు, వాన హెచ్చరిక వస్తే దారే మూసేయవచ్చు. అందుకే బౌనేయిలోనో, కింద సముద్రం ఒడ్డున ఉన్న సాంతా మరియా నవర్రేసె అనే చిన్న ఊళ్లోనో వరుసగా మూడు రాత్రులు బస పెట్టుకోండి. ఆ మూడు రోజుల్లో ఏది కుదిరితే అది గొలొరిట్సే రోజు.

నెల ఎంచుకోవడం కష్టం కాదు. మే రెండో సగం, జూన్, సెప్టెంబరు మంచివి. మేలో నీళ్లు చల్లగా ఉంటాయి కానీ కొండ మీద పూలు, పచ్చదనం ఉంటాయి. సెప్టెంబరులో సముద్రం వెచ్చబడి ఉంటుంది, జనం పలచబడతారు. ఆగస్టు వద్దు. ఇటలీ మొత్తం సెలవు పెట్టే నెల అది. పైగా ఆ ఎండలో మధ్యాహ్నం పూట తిరిగి ఎక్కడం శిక్షే. అక్టోబరు చివరి నుంచి ఈ తూర్పు తీరంలో కుండపోత వానలు కురిసే ప్రమాదం ఉంది. మీరు నడిచే లోయ నిజానికి ఎండిన వాగు అన్న సంగతి మరవకండి.

టికెట్టు సీజనులో తప్పనిసరి. బౌనేయి పురపాలక సంఘం దాన్ని హార్ట్ ఆఫ్ సార్డీనియా అనే ఫోన్ యాప్ ద్వారా ఇస్తోంది. ధర తలకు ఏడు యూరోల చుట్టూ ఉంటుంది. బుకింగు ఎప్పుడు తెరుస్తారో, లోపలికి ఏ వేళ నుంచి ఏ వేళ వరకు పంపుతారో ఏటా కాస్త మారుతుంటుంది. ప్రయాణానికి వారం ముందే యాప్ దించుకుని ఆ ఏటి నియమాలు చదవండి. వేళల్లో ఎంపిక ఉంటే మొట్టమొదటిదే తీసుకోండి. కారణం సూటిగా ఉంది: ఈ తీరం తూర్పు ముఖంగా ఉంది, వెనక నిటారుగా కొండ ఉంది. పొద్దున ఎండ నేరుగా నీళ్ల మీద పడి ఆ పేరుపొందిన నీలం రంగు వస్తుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు కొండ వెనక్కి జరుగుతాడు, తీరం మెల్లగా నీడలోకి పోతుంది. పన్నెండింటికి తీరిగ్గా బయలుదేరినవారు నీడలో తడిసి, వణుకుతూ పైకెక్కుతారు.

టికెట్టు రాగానే దాని బొమ్మను ఫోనులో దాచుకోండి. కొండ మీద సిగ్నలు ఉందో లేదో అన్నట్టుంటుంది, కింద అసలే ఆశ పెట్టుకోవద్దు.

బౌనేయి చేరడం

భారతదేశం నుంచి వచ్చేవారికి షెంగెన్ వీసా కావాలి. జర్మనీలోనో ఫ్రాన్సులోనో చదువుకుంటూ, ఉద్యోగం చేస్తూ నివాస పత్రం ఉన్న మనవాళ్లకు వేరే వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, ఆ పత్రం వెంట ఉంటే చాలు. ఐరోపాలోని పెద్ద నగరాల నుంచి చవక విమానాలు దీవి దక్షిణాన కాల్యారికి, ఈశాన్యాన ఓల్బియాకు వస్తాయి. ప్రధాన భూభాగం నుంచి రాత్రంతా సాగే ఓడలు కూడా ఉన్నాయి. సొంత కారుతో వచ్చేవారికి అవి నయం.

కాల్యారి నుంచి బౌనేయికి సుమారు 150 కిలోమీటర్లు, రెండు గంటల పైచిలుకు. ఓల్బియా నుంచి రెండు దారులున్నాయి. నువోరో మీదుగా వచ్చేది సాఫీ దారి. దోర్గాలి మీదుగా 125వ నంబరు రోడ్డు పట్టుకుంటే జెన్నా సిలానా కనుమ దగ్గర వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కుతారు. ఒక వైపు గోరోపు లోయ, మరో వైపు మేకల మందలు. మలుపులకు కడుపు తిప్పని వారైతే ఆ దారిలోనే రండి. పగలు మాత్రమే.

కారు అద్దెకు తీసుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. భారతీయ లైసెన్సుతో ఇటలీలో నడపాలంటే దానితోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. దాన్ని బయలుదేరే ముందే ఇక్కడి ఆర్టీఓ నుంచి తీసుకోవాలి, అక్కడ దిగాక దొరకదు. కౌంటరులో అడగకపోయినా రోడ్డు మీద పోలీసులు అడుగుతారు. బస్సుల్లో బౌనేయి వరకు రావచ్చు. అయితే ఊరి నుంచి నడక మొదలయ్యే చోటికి మరో ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల కొండ దారి ఉంది. కారు లేనివారు బస ఇచ్చిన వారినే జీపు గురించి అడగడం మేలు. ఇక్కడ ఎవరో ఒకరి బావమరిదికి జీపు ఉండనే ఉంటుంది.

పిల్లల దగ్గరకు వచ్చిన పెద్దవాళ్లను ఈ నడకకు బలవంతపెట్టకండి. మోకాళ్ల నొప్పి ఉన్న తల్లిదండ్రులను సాంతా మరియా నవర్రేసెలో దింపితే వారికి హాయి. అక్కడ చదునైన తీరం ఉంది, రాతి బురుజు ఉంది, పాత చర్చి పక్కన వందల ఏళ్ల అడవి ఆలివ్ చెట్లున్నాయి. ఆ మానుల నీడలో బల్లలు, ఎదురుగా సముద్రం. "మీరు వెళ్లిరండి, మేం ఇక్కడే కూర్చుంటాం" అని వారే అంటారు.

సంచిలో ఏమి పెట్టుకోవాలి

నీళ్లు. తలకు మూడు లీటర్లు. దారిలో కుళాయి లేదు, తీరంలో దుకాణం లేదు. ఒక లీటరును తిరిగి ఎక్కేటప్పటికి విడిగా పెట్టి, ఆ సీసా మూతకు రంగు దారం కట్టండి, అవతలివారు ఎంత అడిగినా తీయకండి. రెండు ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకుంటే ఇంకా మంచిది.

కాలికి వేళ్లు కప్పే, అరికాలు గట్టిగా ఉన్న బూట్లు. చెప్పులతో వచ్చినవారిని దారి మొదట్లోనే ఆపేస్తారు, అందులో తప్పేమీ లేదు. సున్నపురాయి మీద వేల మంది నడిచి నడిచి కొన్ని చోట్ల రాయి గాజులా నునుపెక్కింది. తీరంలో వేసుకోవడానికి రబ్బరు నీటి బూట్లు విడిగా తెచ్చుకోండి. గులకరాళ్ల మీద ఉత్త కాళ్లతో పది అడుగులు వేయడం అందరి వల్లా కాదు.

తిండి మోసుకెళ్లాలి. పులిహోర దీనికి పుట్టిన వంట, బస చేసిన చోట పొయ్యి ఉంటే పొద్దున్నే కలుపుకోండి. పెరుగన్నం మాత్రం ఎండలో పులుస్తుంది, వద్దు. స్థానికంగా కావాలంటే బౌనేయి రొట్టె అంగడిలో కరసావు రొట్టె కొనుక్కోండి. కాగితంలా పలచగా, కరకరలాడుతూ రోజుల తరబడి పాడవకుండా ఉంటుంది. మందతో నెలల పాటు కొండల్లో ఉండే గొర్రెల కాపరుల కోసం పుట్టిన రొట్టె అది. దానికి తోడు టమాటాలు, అరటిపళ్లు చాలు.

తువ్వాలు, టోపీ, సన్‌స్క్రీన్, ఒక పలచటి పొడుగు చేతుల చొక్కా, చెత్త తిరిగి తేవడానికి ఒక సంచి. అరటి తొక్క కూడా ఆ సంచిలోకే. డ్రోన్ ఇంట్లో ఉంచండి. మడత కుర్చీ, గొడుగు కూడా అక్కర్లేదు, వాటిని తిరిగి మోసేది మీరే.

గాలి ఎటు నుంచి వస్తోంది?

ముందు రోజు సాయంత్రం వాన గురించే కాకుండా గాలి దిక్కు కూడా చూడండి. ఈ తీరంలో ఈత బాగుంటుందా లేదా అన్నది గాలి మీదే ఆధారపడుతుంది.

సార్డీనియాలో ఎక్కువ రోజులు వీచేది వాయవ్య గాలి. అక్కడివారు దాన్ని మయెస్త్రాలె అంటారు. దీవి పడమటి తీరాన్ని అది చితకబాదుతుంటే, తూర్పున ఉన్న గొలొరిట్సే కొండ చాటున ప్రశాంతంగా ఉంటుంది. నీళ్లు అద్దంలా ఉంటాయి. అయితే ఆ ప్రశాంతతను పూర్తిగా నమ్మకూడదు. గాలి కొండ మీద నుంచి సముద్రం వైపు వీస్తోంది కదా, ఒడ్డున తేలే గాలి పరుపు మీద పడుకుని కునుకు తీస్తే, కళ్లు తెరిచేసరికి ఒడ్డు చాలా దూరంలో ఉంటుంది. గాలి నింపే పరుపులు, ట్యూబులు ఈ తీరానికి తేవద్దని చెప్పడానికి కారణం ఇదే.

తూర్పు, ఈశాన్య, ఆగ్నేయ గాలులు మరో రకం. అవి అలలను నేరుగా ఈ మూలలోకి తోస్తాయి. గులకరాళ్ల తీరంలో అల వెనక్కి లాగేటప్పుడు కాళ్ల కింద రాళ్లు జారిపోతాయి, నిలబడటానికి పట్టు దొరకదు. గాలి అంచనాలో తూర్పు కనబడితే తేదీ మార్చుకోండి. మూడు రాత్రులు ఉండమన్నది ఇందుకే. తేదీ మార్చలేని పరిస్థితి అయితే నడక వరకు చేసి, నీళ్లలో దిగకుండా రండి. కొండ మీద నుంచి కనిపించే దృశ్యానికి ఆ నడక దండగ కాదు.

గోల్గో పీఠభూమి

బౌనేయి ఊరి నడిబొడ్డు నుంచి గోల్గో వైపు బాణం గుర్తులు ఉంటాయి. ఊరి ఇళ్ల మధ్య నుంచి రోడ్డు ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. మొదటి గేరులోనే ఎక్కాల్సిన మలుపులు కొన్ని ఉన్నాయి. ఎక్కాక అకస్మాత్తుగా చదునైన నేల, రాళ్ల గోడలు, ఓక్ చెట్లు. రోడ్డు మీద గాడిదలు, మేకలు, పందులు యజమానుల్లా తిరుగుతుంటాయి. హారన్ కొట్టినా లాభం లేదు, ఆగి దారి ఇవ్వడమే. వాటికి తిండి పెట్టకండి. పెడితే కారు కిటికీలోంచి తల లోపలికి వస్తుంది.

ఈ పీఠభూమిలో సాన్ పియెత్రో అనే తెల్లని చిన్న చర్చి ఉంది. దానికి దగ్గర్లోనే సూ స్తెర్రు అనే బిలం, దాదాపు 270 మీటర్ల లోతు, నిట్టనిలువుగా. చుట్టూ కంచె ఉంది. పూర్వం ఇక్కడ స్కుల్తోనె అనే మహాసర్పం ఉండేదని, ఊరివాళ్లు దానికి కన్నెపిల్లలను ఆహారంగా పంపాల్సి వచ్చేదని, చివరికి పీటర్ మహర్షి వచ్చి దాన్ని చంపగా నేల బద్దలై ఈ బిలం ఏర్పడిందని స్థానికులు చెబుతారు. ఏకచక్రపురం బండెడు అన్నం కథ విన్నవారికి ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ భీముడి బదులు సాధువు వచ్చాడు. ఈ రెండూ చూడటానికి తిరుగు ప్రయాణంలో సమయం పెట్టుకోండి. పొద్దున్నే ఆగితే కింద ఎండ మీ కోసం ఆగదు.

కారు ఆపే చోటు పేరు సూ పోర్తెద్దు. మరుగుదొడ్డి వాడుకోవాలంటే ఇక్కడే, కింద లేదు. టికెట్టు, బూట్లు చూసి లోపలికి పంపుతారు.

దిగడం

మొదటి ఇరవై నిమిషాలు చాలామందిని ఆశ్చర్యపరుస్తాయి, ఎందుకంటే దారి కిందికి కాకుండా పైకి వెళ్తుంది. రాళ్లూ ముళ్ల పొదలూ దాటి ఒక చిన్న కనుమ దాకా ఎక్కుతారు. అక్కడ నుంచి సముద్రం మొదటిసారి కనిపిస్తుంది. నీళ్లు తాగి, బూట్ల లేసులు మళ్లీ బిగించి కట్టుకోండి. ఇక్కడి నుంచి దిగడమే కాబట్టి వేలి గోళ్లు బూటు ముందు భాగానికి తగులుతూ ఉంటాయి. లేసు చీలమండ దగ్గర బిగువుగా ఉంటే ఆ బాధ ఉండదు.

లోయ దారి స్పష్టంగా ఉంటుంది. ఇరువైపులా ముదురు ఆకుపచ్చ ఓక్ చెట్లు, జునిపర్లు, ఎర్రని చిన్న పళ్లు కాసే కోర్బెజ్జొలో పొదలు. ఒక చోట కొండ గుహలాగా ముందుకు వంగి ఉంటుంది, దాని కింద గొర్రెల కాపరులు కట్టుకున్న పాత దొడ్డి ఉంది. కాసేపు ఆగి చూడండి. మేకులు లేవు, సున్నం లేదు. వంకర టింకర జునిపర్ కొయ్యలను ఒకదానిలోకి ఒకటి దూర్చి నిలబెట్టారు. జునిపర్ కర్రకు చెద పట్టదు, వానకు తొందరగా కుళ్లదు. అందుకే దశాబ్దాల నాటి కొయ్యలు ఎండకు వెండి రంగు తేలి ఇంకా గట్టిగా ఉన్నాయి. లోపలికి ఎక్కి ఫొటోలు దిగడం మాత్రం బాగుండదు. అది ఎవరి తాతదో అయి ఉంటుంది.

సగం దారి దాటాక చెట్ల మధ్య నుంచి రాతి సూది కనిపిస్తుంది. దాని పేరు అగూల్యా. 1981లో మనోలో అనే పేరుతో ప్రసిద్ధుడైన మౌరీత్సియో జనొల్లా, అలెస్సాంద్రో గోన్యా కలిసి దాన్ని మొదటిసారి ఎక్కారు. ఇప్పటికీ తాళ్లతో వేలాడుతున్న మనుషులు చిన్న చుక్కల్లా కనబడుతుంటారు. వారి కింద నిలబడకండి, పైనుంచి రాళ్లు రాలవచ్చు.

దారి తప్పే అవకాశం తక్కువే, కానీ ఒక హెచ్చరిక. సెల్వాజ్జో బ్లూ అనే రోజుల తరబడి సాగే కఠినమైన కొండ బాట ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. దానికి తాళ్లు, అనుభవం, వెంట మనిషి కావాలి. పక్కకు చీలిన సన్నని బాట ఆసక్తిగా కనిపించినా అటు వెళ్లకండి. వెళ్లిన పది నిమిషాలకే కొండ అంచు వస్తుంది.

చివర్లో మెట్లు, చెక్క కమ్మీలు ఉంటాయి. ఆ చివరి భాగమే అన్నిటికంటే జారుడుగా ఉంటుంది. సముద్రం కనబడగానే పరుగు తీసేది కూడా అక్కడే కాబట్టి పిల్లల చెయ్యి పట్టుకోండి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలను తీసుకురావాలా అని అడిగితే, వాళ్లను వీపున మోసే ఓపిక మీకుందా అని తిరిగి అడుగుతాను.

నీళ్లలో

కొండ గోడకు ఆనుకుని కూర్చోకండి. నీడ ఉంటుంది నిజమే, రాళ్లు పడేదీ అక్కడే. ఈ తీరమే కొండచరియ వల్ల పుట్టిందని ముందే చెప్పుకున్నాం.

ఒడ్డున రెండు అడుగులు వేస్తే మోకాలి లోతు, ఇంకో నాలుగు వేస్తే కాలు అందదు. విశాఖలో, బాపట్లలో అలల్లో నిలబడి ఆడుకునే అలవాటుతో వచ్చేవారు ఇది గమనించాలి. అలలు లేవు కాబట్టి భయం లేదనిపిస్తుంది, కానీ లోతు వెంటనే వస్తుంది. ఈత రానివారు నడుం లోతు దాటకూడదు. ఈత వచ్చినవారు ముక్కు మీద పెట్టుకునే నీటి అద్దాలు తప్పక తెచ్చుకోవాలి. పడవలను దూరంగా ఆపడం వల్ల ఈ నీళ్లలో నూనె జిడ్డు లేదు, ఇంజను మోత లేదు. తోరణం దాకా మెల్లగా ఈదుతూ కిందికి చూస్తే తెల్లని అడుగు, దాని మీద వణికే ఎండ గీతలు, చేపల గుంపులు స్పష్టంగా కనిపిస్తాయి. తోరణం ఎక్కి దూకడం నిషేధం.

ఈదుతూ ఉండగా ఉన్నట్టుండి ఒళ్లు జిల్లుమంటుంది. నాలుగు బారలు వేస్తే మళ్లీ వెచ్చగా ఉంటుంది. మీ ఒంట్లో తేడా ఏమీ లేదు. పైన పీఠభూమిలో కురిసిన వాన సున్నపురాయి చీలికల్లోంచి ఇంకి, కొండ లోపలి నుంచి ప్రయాణించి, ఇక్కడ సముద్రం అడుగున ఊటగా బయటికి వస్తుంది. నీటి అద్దాలు పెట్టుకుంటే ఆ చోట నీళ్లు మసకగా, వేడి రోడ్డు మీది గాలిలా కదులుతూ కనబడతాయి. మంచినీరు, ఉప్పునీరు కలిసే చోట అలా కనిపిస్తుంది.

రాళ్ల మీద నల్లని ముళ్ల బంతులు కనిపిస్తే సముద్రపు ముళ్లకాయలు, తొక్కకండి. ఊదారంగు చిన్న జెల్లీచేపలు కొన్ని రోజుల్లో వస్తాయి. కుట్టితే మంచినీళ్లతో కడగకండి, సముద్రపు నీళ్లతోనే కడిగి ప్లాస్టిక్ కార్డుతో పైపైన గీకండి. ప్రమాదం ఏదైనా 112కు ఫోను చేయాలి, సముద్రంలో అయితే తీర రక్షక దళం నంబరు 1530. సిగ్నలు లేకపోతే తీరంలో ఉండే పర్యవేక్షకులకు చెప్పండి.

రాయి తీయకండి

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే మన చేయి ఊరుకోదు. ఇక్కడి రాళ్లు పాలరాయిలా తెల్లగా, కోడిగుడ్డంత నునుపుగా ఉంటాయి. ఒకటి తీసుకెళ్లి పూజగదిలో పెట్టుకుందామని, అక్వేరియంలో వేద్దామని, కనీసం పిల్లలకు చూపిద్దామని అనిపిస్తుంది. సార్డీనియాలో తీరం నుంచి ఇసుక, రాళ్లు, గవ్వలు తీసుకెళ్లడం నేరం. 2017 నాటి ప్రాంతీయ చట్టం ప్రకారం జరిమానా 500 నుంచి 3,000 యూరోల వరకు. పెద్ద మొత్తంలో తీస్తే క్రిమినల్ కేసే. 2019లో దక్షిణాన కీయా తీరం నుంచి 40 కిలోల ఇసుక కారులో పట్టుకెళ్తూ ఒక ఫ్రెంచి జంట ఓడరేవులో దొరికింది. విమానాశ్రయాల్లో ఎక్స్‌రే యంత్రం దగ్గర రాళ్లు ఇట్టే తెలిసిపోతాయి.

ఇంత కఠినంగా ఎందుకంటే, దీవి ఉత్తరాన బుదెల్లి అనే చోట గులాబీ రంగు ఇసుక తీరం ఉండేది. జనం సీసాల్లో నింపుకుని తీసుకుపోతూ ఉంటే 1990లలో ఆ తీరంలోకి అడుగు పెట్టడమే నిషేధించాల్సి వచ్చింది. నేటికీ దూరం నుంచే చూడాలి. రాయి పట్టుకుని ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి. పిల్లల జేబులు, బూట్ల లోపల కూడా ఒకసారి దులపండి.

తిరిగి ఎక్కడం

తీరం ఖాళీ చేయాల్సిన వేళకు అరగంట ముందే సర్దుకోండి. తడి బట్టలతో ఎక్కితే తొడలు ఒరుసుకుపోతాయి, పొడివి మార్చుకోండి. బూట్లలోని చిన్న రాళ్లు దులిపి, సాక్సులు పొడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. పక్కన పెట్టిన ఆ లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ కలుపుకుని, ఎక్కడం మొదలుపెట్టకముందే సగం తాగేయండి. దాహం వేశాక తాగడం ఆలస్యం కిందే లెక్క.

మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగమే సరైన వేగం. ఆయాసంతో మాట ఆగితే అడుగు తగ్గించండి. బృందంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి. చివర పెడితే వాళ్లు చేరేసరికి మిగతావాళ్లు విశ్రాంతి ముగించి లేస్తారు, పాపం వాళ్లకు విశ్రాంతే దొరకదు. గంటన్నర పడుతుంది, రెండు పట్టినా పరవాలేదు. కనుమ చేరాక చివరి భాగం దిగుడే.

ఆకలి గట్టిగానే వేస్తుంది. ఈ ఒల్యాస్త్ర ప్రాంతపు ప్రత్యేక వంట కులుర్జోనెస్. బంగాళదుంప, గొర్రెపాల జున్ను, పుదీనా కలిపిన ముద్దను మైదా చపాతీలో పెట్టి, అంచును గోధుమ వెన్నులా జడ అల్లి మూస్తారు. ఆ అల్లిక చేతితోనే చేయాలి. పైన టమాటా గుజ్జు వేసి వడ్డిస్తారు. శాకాహారులకు ఇది వరమే, కానీ కొన్ని ఇళ్లలో ముద్దలోనో పిండిలోనో జంతువు కొవ్వు కలిపే పద్ధతి ఉంది. "సెన్సా స్త్రుత్తొ?" అని అడగండి, కొవ్వు లేదు కదా అని అర్థం. జున్ను విషయంలో మరీ పట్టింపు ఉన్నవారు, పెకొరీనో తయారీకి మామూలుగా గొర్రెపిల్ల పొట్ట నుంచి తీసిన తోడే వాడతారని తెలుసుకుని నిర్ణయించుకోండి. అది కూడా కుదరనివారికి రొట్టె, టమాటా, ఆలివ్ నూనె ఎక్కడైనా దొరుకుతాయి.

టికెట్టు దొరక్కపోతే

ఇదే తీరంలో ఉత్తరంగా కాలా మరియోలు, కాలా బిరియాలా, కాలా సిజినె, కాలా లూనా ఉన్నాయి. మరియోలుకు సాంతా మరియా నవర్రేసె నుంచి పడవలు ఒడ్డు దాకా వెళ్తాయి. నీళ్లు గొలొరిట్సేకు ఏమాత్రం తీసిపోవు, జనం మాత్రం ఎక్కువ. అక్కడ కూడా సంఖ్య మీద పరిమితి ఉంది కాబట్టి పడవ టికెట్టుతోపాటు తీరం టికెట్టు గురించి అడగండి.

నడక కావాలనుకునే వారికి నా ఓటు కాలా లూనాకే. కాలా గోనోనె ఊరి దక్షిణ చివర రోడ్డు ముగిసే కాలా ఫుయిలి దగ్గర కారు ఆపి, కొండ అంచు వెంట సుమారు రెండు గంటలు నడవాలి. పొడవాటి తీరం, వెనక గన్నేరు పొదలు, పక్కన వరుసగా పెద్ద గుహలు. ఎండ ముదిరితే ఆ గుహల్లో కూర్చోవచ్చు. దీని సౌకర్యం ఏమిటంటే, వెళ్లేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు కాలా గోనోనెకు పడవలో తిరిగి రావచ్చు. సముద్రం లేస్తే పడవలు ఆపేస్తారు, అప్పుడు మళ్లీ రెండు గంటల నడకే గతి. అందుకని ఆఖరి పడవ ఎన్నింటికో, గాలి అంచనా ఎలా ఉందో పొద్దున రేవులోనే అడిగి, నడిచి తిరిగి రావడానికి సరిపడా నీళ్లు ఎలాగూ మోసుకెళ్లండి.